తిరగేసి వేలాడదీసిన కోటు

కోడలు నీళ్ళలోంచి తల పైకెత్తి ఒడ్డువైపు చూసేసరికి, ఆమె భర్త ప్యాంటు ఇసుకలో నడుచుకుంటూ వెళుతోంది.

ప్యాంటులో మనిషి ఉన్నాడు. అయితే ఆ మనిషి ఆమె భర్త కాదు. భర్త ఆమె పక్కనే నడుములోతు సముద్రంలో నిలబడి, ముక్కులోకి పోయిన ఉప్పునీళ్ళు చీదుకుంటున్నాడు.

"ఏమండీ, మీ బూడిదరంగు ప్యాంటు ఎక్కడుంది?"

"కాటేజీ వరండాలో. పొద్దున నువ్వేగా ఆరేశావు."

"అయితే అదేమిటి?"

భర్త కళ్ళు తుడుచుకుని చూశాడు. కుడి మోకాలి వెనక రంగు వెలిసిన మచ్చ. ఎంత గుంపులో ఉన్నా ఆ మచ్చతో తన ప్యాంటును ఆయన గుర్తుపట్టగలడు. బట్టతల పెద్దమనిషి ఒకాయన అందులో దూరి, చేతులు వెనక్కి కట్టుకుని, సముద్రం తన సొంత ఆస్తి అయినట్టు షికారు చేస్తున్నాడు.

"దొంగ," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"దొంగ అంత నిదానంగా నడవడు. చూడండి, పొడుగు ఎక్కువైందని మడమల దగ్గర లోపలికి మడిచాడు. ఎవరో దగ్గరుండి మడిపించారు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక కోడలికి వెలిగింది. ప్యాంటు పొడుగైతే బయటికి కాకుండా లోపలికి మడిపించే మనిషి ఆమె ఎరుకలో ఒక్కతే ఉంది. ఆ మనిషి ఈపాటికి కాటేజీ వరండాలో పేము కుర్చీలో కునుకు తీస్తూ ఉండాలి.

ఇద్దరూ పరుగు తీశారు.

దారిలో తాడు ఉయ్యాల. ఉయ్యాలలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. అమ్మాయి ఒంటిమీద కోడలి పసుపు గౌను. పక్కనే ఆ అమ్మాయి మొగుడు కొబ్బరిచెట్టుకు ఆనుకుని ఫోటో తీస్తున్నాడు. అతని ఒంటిమీద భర్త గళ్ళ చొక్కా.

గౌను గురించి కోడలికి బెంగ లేదు. గళ్ళ చొక్కా పోతే పీడ విరగడయింది. ఆమె కళ్ళు ఒక్క రంగు కోసమే వెతుకుతున్నాయి. ముదురు ఆకుపచ్చ.

వరండా కమ్మీ బోసిగా ఉంది. ఖాళీ హేంగర్లు గాలికి ఒకదాన్నొకటి తట్టుకుంటున్నాయి. పేము కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. కునుకు జాడే లేదు. షాపులో గట్టి బేరం తెగిన రోజున ఆవిడ ముఖంలో ఒక వెలుగు కనిపిస్తుంది. ఇప్పుడు ఆ వెలుగుతో దీపం లేకుండా చదువుకోవచ్చు. కాళ్ళ దగ్గర బట్టల కుప్ప.

"అత్తయ్యా, మన బట్టలేవి?"

"ఇవిగో."

"ఇవి మనవి కావు."

"ఇప్పుడు మనవే," అంది అత్తగారు.

వాళ్ళది పాతబట్టల షాపు. ఎక్కడెక్కడి బట్టలో ఓడల్లో వస్తాయి, మనిషి ఎత్తు మూటలుగా, ఇనుప పట్టీలు బిగించి. ఆ మూటని షాపులో బేలు అంటారు. బేలు తెరిచి, ఏరి, ఉతికి, చిరుగులు కుట్టి, కొక్కేలకు ఎక్కించి అమ్మడం వాళ్ళ పని. ఇంటిల్లిపాదీ కలిసి సెలవులకు రావడం ఇదే మొదటిసారి. రావడానికి ముందు భర్త ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు. సెలవుల్లో షాపు ఊసెత్తకూడదు. పక్కవాళ్ళ కాలరు పట్టుకుని గుడ్డ ఏమిటో చూడకూడదు. ముఖ్యంగా అమ్మ.

అత్తగారు మాట నిలబెట్టుకుంది, తెల్లవారేదాకా. తెల్లవారాక తప్పు కోడలి దగ్గర మొదలైంది. పడవలో బ్యాగులోకి తేమ దిగి బట్టలన్నీ ముక్కవాసన వేస్తుంటే, గాలికి ఆరతాయని వరండా కమ్మీ మీద వేలాడదీసింది. మామూలు మనిషైతే ఎలా పడితే అలా ఆరేసి పోయేది. కానీ కోడలి చేతులు షాపు చేతులు. వాటంతటవే చిన్న సైజు ఎడమవైపుకి, పెద్ద సైజు కుడివైపుకి చేరాయి. లేతరంగులు ముందు, ముదురురంగులు వెనక. అన్నిటికన్నా మేలైన ముక్క మెట్ల పక్కన, వచ్చేపోయేవాళ్ళ కంటబడేలా. షాపులో అలాంటి చోటుని గుమ్మం కొక్కెం అంటారు. ఇదంతా చేశాక ఆమె వెనక్కి నాలుగడుగులు వేసి, వరస బాగుందా లేదా అని చూసుకుంది కూడా. ఆ తరవాత సముద్రానికి వెళ్ళిపోయింది.

దారిన పోతున్న బట్టతల పెద్దమనిషి ఆగి, ఇవి ఎలా ఇస్తున్నారండీ అని అడిగాడు. కళ్ళు మూసుకుని ఉన్న అత్తగారు కళ్ళు మూసుకునే, ముందు మీ నడుము కొలత చెప్పండి, అంది.

"స్నానానికి వచ్చినవాళ్ళ దగ్గర పర్సులెక్కడ ఉంటాయి?" అంది ఆవిడ ఇప్పుడు. "అందుకని ఒంటిమీదది ఇచ్చి ఇది పట్టుకెళ్ళమన్నాను. అందరూ సంతోషంగానే వెళ్ళారు. ఈ గుడ్డ పట్టుకు చూడు, అసలైన నార."

"అమ్మా, నేను కట్టుకోవడానికి గుడ్డ లేదు," అన్నాడు భర్త. తడి నిక్కరులోంచి నీళ్ళు కారి వరండాలో మడుగు కడుతున్నాయి.

"ఎందుకు లేదు? ఆ మందారప్పూల ప్యాంటు నీకోసమే తీసిపెట్టాను. నీ బూడిద ప్యాంటు ఎదట అది రాజా సరుకు."

భర్త మందారాల కేసి చూశాడు. ఒక్కొక్కటి పళ్ళెమంత ఉంది.

కోడలు ఇదేమీ వినడం లేదు. ఆమె చూపు మెట్ల పక్కనున్న మేకు మీద ఉంది. మేకు ఖాళీ.

"నా ఆకుపచ్చ కోటేదీ?"

అత్తగారు కాలి కింద ఉన్న చొక్కా ఒకటి తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడకి మడత పెట్టవలసిన అవసరం ఇష్టంలేని ప్రశ్న ఎదురైనప్పుడే వస్తుంది.

"ఆ తుడుపు గుడ్డా?"

"అది తుడుపు గుడ్డ కాదు అత్తయ్యా."

"ఇచ్చేశాను."

కోడలు మెట్టు మీద కూలబడింది.

బేలు తెరిచే హక్కు ఆ ఇంట్లో ఒక్క అత్తగారిదే. పట్టీలు తెంచే పెద్ద కత్తెర ఆవిడ దిండు కింద పడుకుంటుంది. ఆవిడ చెయ్యిపెట్టి తీసింది కొక్కేనికి ఎక్కుతుంది. వదిలేసింది తుడుపు గుడ్డల కుప్పలోకి పోతుంది. అక్కణ్ణించి మెకానిక్ షెడ్డుకి, గ్రీజు తుడవడానికి. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కుప్పలోంచి ఒక కోటు లాగింది. సిల్కు. కాలరు పురుగు కొట్టేసింది, వీపంతా మరక. లోపలి అస్తరు మీద మాత్రం ఎవరో చేత్తో కుట్టిన బుల్లి పిట్టలు, వేలిగోరంత. ఒక వానాకాలమంతా ఆమె ఆ కోటుతో కూర్చుంది. పురుగు తిన్నచోట దారం దారం అల్లి నింపింది. మరక పోయింది. కోటు నిలబడింది. తొడుక్కుని షాపుకి వెళితే అత్తగారు కిందనుంచి పైదాకా చూసి, "ఆ తుడుపు గుడ్డ బాగానే ఉతికావే," అని పనిలో పడిపోయింది. ఆనాటి నుంచీ కోటుకి అదే పేరు.

తనకి కన్ను ఉంది అనడానికి కోడలి దగ్గర ఉన్న సాక్ష్యం ఆ కోటు. ఇంకో సాక్ష్యం లేదు. ఏ కొత్త బేలు వచ్చినా, "ఈసారి నేను తెరుస్తాను అత్తయ్యా," అంటుంది. "చూద్దాంలే," అంటుంది అత్తగారు. ఇప్పుడు కూడా షాపులో కొత్త బేలు ఒకటి పట్టీలు విప్పకుండా ఎదురుచూస్తోంది. వెనకాల ఎవరైనా తెరుస్తారేమోనని అత్తగారు కత్తెరని సెలవులకి కూడా వెంట తెచ్చింది. పడవ దగ్గర బ్యాగులు తనిఖీ చేసే మనిషి ఆ కత్తెర చూసి బిత్తరపోతే, గోళ్ళు తీసుకోవడానికి నాయనా, అంది.

"నాది అని తెలిసీ ఎలా ఇచ్చారు?"

"తిరగేసి వేలాడదీశావా?"

కోడలు ఖాళీ మేకు కేసి చూసింది.

"మన షాపులో అమ్మకానికి కాని బట్టని ఎలా వేలాడదీస్తాం?"

"తిరగేసి."

"నువ్వు సవ్యంగా వేలాడదీశావు. పైగా గుమ్మం కొక్కేనికి. నాకేం తెలుసు, నీకు మొహం మొత్తిందనుకున్నాను."

ఇది పచ్చి అబద్ధమని ముగ్గురికీ తెలుసు. కానీ షాపు నియమం షాపు నియమమే. కోడలు పళ్ళు నూరింది.

"పోనీ దేనికిచ్చారు?"

అత్తగారు పక్కలోంచి ఒక తాళంచెవి తీసింది. దానికి శంఖం ఆకారపు చెక్క బిళ్ళ వేలాడుతోంది. "సముద్రం ఎదటి కాటేజీ. ఈ వారమంతా మనది. లేవండి, సామాన్లు సర్దండి."

భర్త నోరు వెళ్ళబెట్టాడు. కోడలు కూడా ఒక్క క్షణం కోపం మరిచింది. ఎందుకంటే ఈ సెలవుల వెనక అసలు కథ అది. ఫోనులో చూసిన బొమ్మలో మంచం, మంచానికి ఎదురుగా కిటికీ, కిటికీ నిండా సముద్రం ఉన్నాయి. పడుకునే సముద్రాన్ని చూడాలి, అదొక్కటే నా కోరిక, అని కోడలు ప్రయాణమంతా చెవిలో జోరీగలా చెప్పింది. తీరా వచ్చాక మంచమూ ఉంది, కిటికీ ఉంది. కిటికీ తెరిస్తే వంటగది వెనక గోడ. గోడకి పొగ తోసే పెద్ద ఫ్యాను. దాని కింద వరసగా గ్యాసు సిలిండర్లు. వాటి మీద వంటవాడి మేజోళ్ళు. సముద్రం ఎక్కడమ్మా, అని అత్తగారు కిటికీలోంచి తొంగిచూసి, ఆ మేజోళ్ళలోంచి పిండుతారేమో, అంది.

"ఎవరు? ఎవరిచ్చారు?"

"పళ్ళ డాక్టరమ్మ. పెద్ద గడ్డి టోపీ పెట్టుకుని తిరుగుతుందే, ఆవిడ. ఊళ్ళో ఎవరికో దవడ వాచిందని ఫోనొచ్చిందట. పడవల రేవుకి పోయే సాయంత్రం బండికి వెళ్ళిపోతోంది. వారం రోజుల గది వృథాగా పోతోందని బాధపడుతుంటే, నాకిచ్చెయ్యండి అన్నాను. బండి వచ్చేదాకా నడుం వాల్చడానికి మన గది తీసుకోమన్నాను."

అంటే సాయంత్రం బండితో కోటు వెళ్ళిపోతుంది. మళ్ళీ కనపడదు.

కొత్త కాటేజీలో మంచం నిజంగానే సముద్రం ఎదురుగా ఉంది. తెరలు గాలికి ఊగుతున్నాయి. కోడలు మంచం మీద పడుకుంది. పడుకునే సముద్రాన్ని చూసింది. ఒక కెరటం వచ్చింది. ఇంకో కెరటం వచ్చింది. రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి. లేచి కూర్చుంది.

"నా దగ్గర ఒక పథకం ఉంది," అన్నాడు భర్త. మందారప్పూల ప్యాంటులో ఆయన ఎంత గంభీరంగా మాట్లాడినా పెళ్ళిపందిరి మాట్లాడుతున్నట్టు ఉంది. "మన పాత గదికి రెండో తాళంచెవి ఉంది. ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు వెనకనుంచి దూరి..."

"తాళంచెవి ఎక్కడుంది?"

"నా ప్యాంటు జేబులో."

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. దూరంగా ఇసుకలో ఆ ప్యాంటు బట్టతల పెద్దమనిషితో కలిసి గవ్వలు ఏరుకుంటోంది.

"జేబులు చూడకుండా సరుకు ఇస్తానట్రా నేను?" అంది అత్తగారు వరండాలోంచి. "తాళంచెవి నా దగ్గరుంది. ఇవ్వను. తెగిన బేరం తెగినట్టే."

అప్పుడే మేనేజర్ వచ్చాడు. నల్లకోటు, మెడలో టై, నుదుటి మీద చెమట. ఎవరో చెప్పి ఉంటారు.

"అమ్మా, మా దగ్గర అతిథులు వ్యాపారం చెయ్యకూడదు. కాటేజీ ఖాళీ చేయించాల్సి వస్తుంది."

"వ్యాపారమా? ఎవరి చేతిలోనైనా డబ్బు చూశావా నాయనా?"

"డబ్బు కాదండీ, బట్టలు..."

"నలుగురం ఒకచోట చేరాం, బట్టలు మార్చుకున్నాం. స్నానానికి వచ్చిన మనుషులు బట్టలు మార్చుకోరా?" అత్తగారు కుర్చీలోంచి లేచి అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఈ కోటు నీది కాదు."

మేనేజర్ తడబడ్డాడు. "నాదేనండీ."

"భుజాలు నీవి కావు. నీకంటే ముందు పనిచేసినవాడివి. రోజంతా ఇలా బిగబట్టుకుని ఎలా ఊపిరి తీస్తున్నావు? విప్పు."

అతను విప్పాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియలేదు. కాసేపటికి నారచొక్కా తొడుక్కుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, గాలి తగిలితే ఎంత హాయిగా ఉందండీ అంటూ వెళ్ళిపోయాడు. నల్లకోటు కుప్పలో చేరింది.

కోడలు అది చూసి చెప్పులు వేసుకుంది. దొంగతనం కుదరదు. అత్తగారు కదలదు. ఇక మిగిలింది తలుపు తట్టడమే.

వంటగది వెనక కాటేజీలో పొగ ఫ్యాను గర్జిస్తోంది. పళ్ళ డాక్టరమ్మ తలుపు తీసింది. నిండైన మనిషి, ఇంట్లో కూడా టోపీ తియ్యలేదు. ఆవిడ వెనక గోడకి కోటు వేలాడుతోంది.

తిరగేసి.

బుల్లి పిట్టలన్నీ బయటికి చూస్తున్నాయి. కోడలి కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"మీ అత్తగారే చెప్పారమ్మా," అంది డాక్టరమ్మ ఆమె చూపు గమనించి. "ఎవరికీ ఇవ్వదలుచుకోనిది ఇలా పెట్టుకోవాలటగా."

"అది నాదండీ. పొరపాటున ఇచ్చారు. మీకు కావాలంటే గది వెనక్కి ఇచ్చేస్తాం."

"నేను సాయంత్రం పోతున్నదాన్ని. గదిని ఏం చేసుకోను, బండిలో పెట్టుకుపోనా?"

"ఇంకేదైనా అడగండి. షాపులో కోట్లు చాలా ఉన్నాయి. మీ సైజుకి..."

"ఇలాంటిది ఉందా?"

కోడలు మళ్ళీ పళ్ళు నూరింది.

"లేదుగా. రా, కూర్చో. పళ్ళు నూరకు, అరిగిపోతాయి." డాక్టరమ్మ కోటు కాలరు వేళ్ళతో పైకెత్తింది. "నేను పుచ్చినచోట తీసి నింపే మనిషిని. బతుకంతా అదే పని. ఎక్కడ అసలు పన్ను ఆగింది, ఎక్కడ నింపింది మొదలైంది అని ఎదటివాడికి తెలియకూడదు. నాకు తెలుస్తుంది. ఎవరు నింపినా తెలుస్తుంది. ఈ కాలరులో తెలియలేదు. మీ అత్తగారు వేలుపెట్టి చూపిస్తే గానీ కనిపెట్టలేకపోయాను."

"మా అత్తయ్య చూపించారా?"

"చూపించడమా? లోపలి కుట్టుతో సహా పాఠం చెప్పారు. ఇక్కడ దారం పోగు ఎంత సన్నమో చూడండి, ఇక్కడ మరక తీసినా రంగు చెదరలేదు చూడండి అని. ఇదెవరు చేశారండీ అన్నాను. మా కోడలు, అన్నారు. నేను తుడుపు గుడ్డల్లో పారేశాను, అది ఏరింది. ఇన్నేళ్ళలో నా కన్ను తప్పిపోయిన సరుకు ఇదొక్కటే, దాని కన్ను తప్పిపోలేదు, అన్నారు. ఆ మాట విన్నాక నేను సముద్రాన్ని వదులుకున్నాను."

పొగ ఫ్యాను తిరుగుతూనే ఉంది. కోడలికి మాత్రం చప్పుడు వినపడలేదు. అన్ని వానాకాలాలు ఎదురుచూసిన మాట. అదీ ఎవరితో అంది? దారినపోయే పళ్ళ డాక్టరుతో.

"అయితే ఒక చిక్కు వచ్చిందమ్మా," అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. "చేతులు పైకెత్తొద్దని మీ అత్తగారు మరీ మరీ చెప్పారు. భోజనాల దగ్గర కొబ్బరిచెట్టు మీద ఉడత కనిపిస్తే చూపించాను." ఆవిడ కోటు తీసి చంక కింద తెరిచింది. కుట్టు జానెడు విడిపోయి ఉంది. దాంతోపాటు అస్తరు మీద ఒక పిట్ట రెండయింది. "బండి వచ్చేలోగా బాగుచేసి ఇస్తావా? నువ్వు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు."

అలా కోటు మళ్ళీ కోడలి చేతికి వచ్చింది.

భర్త చూస్తూనే ఎగిరి గంతేశాడు. మందారాలన్నీ ఊగాయి. "సాధించావు. ఇక ఇవ్వకు."

"కుట్టిమ్మన్నారు."

"కుట్టడానికి లేదని చెప్పు. సిల్కు పీలికలైపోయింది, తుడుపు గుడ్డకి తప్ప పనికిరాదు అను. చిరిగినదాన్ని ఆవిడ మాత్రం ఏం చేసుకుంటుంది? ఇక్కడే వదిలేసి పోతుంది. ఒక్క మాట చాలు."

మంచి పథకమే. కోడలు కోటుని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఎదురుగా సముద్రం. పక్క కుర్చీలో అత్తగారు. ఆవిడ ఏదో చొక్కాని అప్పటికి చాలాసేపటినుంచీ మడత పెడుతోంది. కోడలి వైపు తిరగలేదు. అలాగని చెవులు అటు లేవని కాదు.

ఒక్క మాట. కోడలు నోటిలో ఆ మాట అనుకుని చూసుకుంది. తుడుపు గుడ్డ. ఈ కోటుని ఆ పేరుతో ఎవరు పిలిచినా ఆమె ఊరుకోలేదు. ఇప్పుడు తనే పిలవాలి. పిలిస్తే కోటు ఉంటుంది. కానీ దాన్ని ఏ రోజు తొడుక్కున్నా ఆ మాట తనదే అవుతుంది.

"సూది ఇవ్వండి అత్తయ్యా," అంది.

అత్తగారి చేతిలో చొక్కా మడత ఆగింది. బ్యాగులోంచి సూది, ఆకుపచ్చ దారం బయటికి వచ్చాయి. సెలవుల్లో షాపు ఊసెత్తకూడదన్న కొడుకు ఆ దారాల పెట్టె చూసి ఏదో అనబోయి, ఇంకో మంచి ప్యాంటు దొరుకుతుందేమోనని కుప్పలో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

కోడలు కుట్టింది. చంక కుట్టు పెద్ద పని కాదు. పిట్ట పెద్ద పని. రెండు రెక్కల్నీ దగ్గరికి తెచ్చి, పోగు మీద పోగు వేస్తూ తలెత్తకుండా అంది.

"డాక్టరమ్మతో అన్న మాట నాతో ఎప్పుడూ అనలేదేం?"

"ఏ మాట?"

"మీకు తెలుసు."

"ఆవిడ కొనే మనిషి. కొనే మనిషి దగ్గర సరుకు గురించి చెప్పాలి. నువ్వు ఇంటి మనిషివి. ఇంటి మనిషికి సరుకు పొగుడుతారా ఎవరైనా?"

"అయితే నాతో అనరా?"

"నువ్వు కొంటావా?"

"కొంటాను," అంది కోడలు. "బేరం చెప్పండి."

అత్తగారు మొదటిసారి కుర్చీని ఇటు తిప్పింది. బేరం అన్న మాట వింటే ఆవిడ వెన్నెముక దానంతటదే నిటారుగా అవుతుంది.

"నువ్వేమిస్తావు?"

"కోటు ఇస్తాను. పిట్టతో సహా అతికించి, ఆవిడ చేతిలో పెడతాను. మీ బేరం నిలబడుతుంది, ఈ గది నిలబడుతుంది. లేకపోతే ఆవిడ వచ్చి, చిరిగిన సరుకు అంటగట్టారని గది అడిగితే మీ పరువు ఏమవుతుంది?"

"ఉడతని చూపించింది ఆవిడ."

"చేతులు పైకెత్తితే చిరిగే కోటు ఆ సైజు మనిషికి ఇచ్చింది మీరు."

అత్తగారు కాసేపు సముద్రం కేసి చూసింది. అంతసేపు ఆవిడ ఆలోచించడం కోడలు అదివరకెప్పుడూ చూడలేదు.

"నీకేం కావాలి?"

"కొత్త బేలు నేను తెరుస్తాను."

"సగం తెరువు."

"సగం బేలు ఎలా తెరుస్తారు అత్తయ్యా? పట్టీ తెగాక మొత్తం పొంగి బయట పడుతుంది."

"నేను పక్కన కూర్చుంటాను."

"కూర్చోండి. చెయ్యి పెట్టకూడదు."

"నోరు?"

"నోరు కూడా."

"అది కుదరదు," అంది అత్తగారు.

కోడలు ఆఖరి పోగు లాగింది. పిట్ట ఒకటైంది. ఎక్కడ చీలిందో ఆమె కళ్ళకే దొరకలేదు. దారం మిగిలి వేలాడుతోంది. తెంపడానికి పంటి దగ్గరికి తీసుకుంటుంటే, "పళ్ళతో కొరక్కు, ఆ డాక్టరమ్మ చూస్తే తిడుతుంది," అంటూ అత్తగారు ఏదో అందించింది.

పట్టీలు తెంచే పెద్ద కత్తెర. జానెడున్నర పొడుగు. సన్నటి సిల్కుదారం తెంపడానికి అంతకన్నా పనికిరాని వస్తువు ఇంకోటి ఉండదు. కోడలు రెండు చేతులతో పట్టుకుని దారం తెంపింది. కత్తెర వెనక్కి చాచింది.

అత్తగారు చొక్కా మడత పెడుతోంది. చెయ్యి చాచలేదు.

కోడలు కత్తెరని మెల్లగా తన పక్కన పెట్టుకుంది.

సాయంత్రం బండి దగ్గర డాక్టరమ్మ కోటు తొడుక్కుని, చేతులు పక్కలకి అంటిపెట్టుకుని, జైలుకి పోతున్న మనిషిలా కూర్చుంది. వీడ్కోలుకి చెయ్యి ఊపబోయి, కోడలి ముఖం చూసి, వేళ్ళు మాత్రం ఊపింది. బండి కదిలింది. ఆకుపచ్చ రంగు కొబ్బరిచెట్ల మధ్య కాసేపు కనిపించి, చెట్లలో కలిసిపోయింది. కోడలికి దిగులేసింది. కానీ అనుకున్నంతగా కాదు.

"మంచి ముక్క," అంది పక్కనుంచి అత్తగారు.

కోడలు గిరుక్కున తిరిగింది. అత్తగారు అప్పటికే కాటేజీ వైపు నడుస్తోంది. ఆ మాట రోడ్డుతోనో, బండితోనో అన్నట్టు, వీపు ఇటు పెట్టి.

తిరిగి వచ్చేసరికి వరండా ముందు జనం. కొత్త పెళ్ళికూతురి చేతిలో జిప్పు ఊడిన సంచి. బట్టతల పెద్దమనిషి చేతిలో గుండీలు రాలిన చొక్కా. వెనక నారచొక్కాలో మేనేజర్, తన టై మార్చుకోవచ్చా అని. డాక్టరమ్మ వెళుతూ వెళుతూ అందరికీ చెప్పి వెళ్ళినట్టుంది. అత్తగారి నడక వేగం పెరిగింది.

"మా కోడలు చూస్తుంది. వరసలో రండి," అంది.

కోడలు వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళి, సముద్రం ఎదటి మంచం మీద వెల్లకిలా పడుకుంది. "రేపు," అంది కిటికీలోంచి. "ఇవాళ నేను సెలవుల్లో ఉన్నాను." చేతికింద కత్తెర చల్లగా తగులుతోంది. ఒక కెరటం వచ్చింది. ఈసారి నీలంగానే ఉంది.

అప్పుడు స్నానాల గది తలుపు తెరుచుకుని భర్త బయటికి వచ్చాడు. మందారప్పూల ప్యాంటు, దాని మీదికి కుప్పలో దొరికిన చొక్కా. రెండూ తిరగేసి తొడుక్కున్నాడు. కుట్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

"ఏమిటండీ ఆ వేషం?"

భర్త కిటికీలోంచి వరండా వైపు, జనం మధ్య వెలిగిపోతున్న తల్లి వైపు అనుమానంగా చూశాడు.

"మీ ఇద్దరి దగ్గర ఏదీ సవ్యంగా నిలబడకూడదు," అన్నాడు. "నన్ను కూడా ఎవరికైనా ఇచ్చేస్తారు."